సంక్షోభ వేళ నాయకుడు రాసుకున్న ప్రసంగ నోట్సు మీ ఇంట్లో ఉందా? విశాఖ కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

రెండు దేశాల మధ్య మాట తెగేదాకా వచ్చిన రోజుల్లో, సభలోనో రేడియోలోనో ఐక్యరాజ్యసమితిలోనో మాట్లాడబోయే ముందు ఒక నాయకుడు చేత్తో రాసుకున్న కాగితాలు అచ్చయిన ప్రసంగం కంటే ఎక్కువ చెబుతాయి. ఏ మాట ముందు రాశారో, ఏది కొట్టేశారో, ఎక్కడ ఆగి ఆలోచించారో వాటిలోనే కనబడుతుంది. ఢిల్లీలో స్టెనోలుగా, పీఏలుగా, విదేశాంగ శాఖ ఉద్యోగులుగా, విలేకరులుగా పనిచేసి తిరిగొచ్చినవారి ట్రంకు పెట్టెల్లో ఇలాంటివి ఉంటాయి. మహారాణిపేటలోనో వన్‌టౌన్‌లోనో పాత ఇల్లు ఖాళీ చేసేటప్పుడు బయటపడతాయి. ఆ తర్వాత వచ్చే సందేహాలు దాదాపు అందరివీ ఒకటే కాబట్టి వాటిని ఇక్కడ ఒకచోట చేర్చాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళవచ్చు.

## దొరికిన రోజు

తాతగారి ట్రంకులో ఒక పెద్ద నాయకుడి చేతిరాత కాగితాలు దొరికాయి. ముందు ఏం చేయాలి?

కట్ట విప్పకుండా ఫోన్‌తో ఫోటోలు తీయండి. పెట్టె మూత తెరిచినప్పుడు ఎలా ఉందో, కట్ట దేనితో కట్టి ఉందో, పైన ఏముందో, పక్కన ఏ ఉత్తరాలు, ఏ పత్రికా కత్తిరింపులు ఉన్నాయో అన్నీ కనబడాలి. తర్వాత ఒక్కో కాగితాన్నీ ఉన్న వరసలోనే తీసి, వెనకవైపు కింది మూలన మెత్తటి పెన్సిల్‌తో (2బీ చాలు) చిన్నగా 1, 2, 3 అని నంబరు వేయండి. పెన్ను వద్దు. తేదీల ప్రకారం సర్దాలనిపిస్తుంది గానీ సర్దకండి. రాసినాయన పక్కపక్కన పెట్టుకున్న రెండు కాగితాలను మనం విడదీస్తే వాటి మధ్య సంబంధం మళ్ళీ దొరకదు. కాగితాలు చుట్టి ఉన్న పాత కవరు, దాని మీది తపాలా ముద్ర, కట్టిన దారం కూడా దాచండి.

ముట్టుకునేటప్పుడు తెల్ల గ్లౌజులు వేసుకోవాలా?

అక్కర్లేదు. సబ్బుతో కడిగి బాగా ఆరబెట్టుకున్న చేతులే మేలు. నూలు గ్లౌజులతో వేళ్ళకు స్పర్శ తెలియక చిరుగులున్న అంచులు పట్టుకుని లాగేస్తాం. చేతికి లోషన్, కొబ్బరినూనె ఉండకూడదు. మన ఊళ్ళో మే నెలలో చెమట ఎక్కువ కాబట్టి పక్కన పొడి తువ్వాలు పెట్టుకోండి. ఫ్యాన్ ఆపండి. టేబుల్ మీద కాఫీ, నీళ్ళు, పెన్నులు ఉండకూడదు. బూజు పట్టిన కాగితాలకు మాత్రం ఆసుపత్రుల్లో వాడే నైట్రైల్ గ్లౌజులు, ఎన్95 మాస్కు తప్పనిసరి.

గుండుసూది తుప్పు పట్టి కాగితానికి అతుక్కుపోయింది. లాగేయొచ్చా?

లాగితే తుప్పు పట్టిన చోట కాగితం కూడా ఊడొస్తుంది. పలచటి పాలియెస్టర్ ఫిల్మును అంగుళం వెడల్పున రెండు ముక్కలు కత్తిరించి, సూదికి కాగితానికి మధ్య పైన ఒకటి, కింద ఒకటి దూర్చండి. సూదిని వేళ్ళ మధ్య పట్టుకుని కొద్దిగా అటూ ఇటూ దొర్లించండి. తుప్పు పట్టు వదిలిందనిపించాకే వచ్చిన దారిలో మెల్లగా వెనక్కి తీయండి. స్టేప్లర్ పిన్ అయితే వెనక్కి తిప్పి, మొండి చాకు మొనతో కాళ్ళు రెండూ నిలబెట్టి, ముందువైపు నుంచి ఎత్తండి. పిన్ను తీసే యంత్రం వాడకండి, అది చుట్టూ కాగితాన్ని నలిపేస్తుంది. తుప్పు మరక ఉండిపోతుంది, పర్వాలేదు. ఏ కాగితాలు కలిపి గుచ్చారో చెప్పే గుర్తు అదే. మళ్ళీ క్లిప్పు పెట్టకండి. ఆ కాగితాలన్నిటినీ ఒకే మడత కాగితంలో ఉంచండి.

ఎప్పుడో వేసిన సెల్లో టేపు పసుపుపచ్చగా మారింది. తీయాలా?

ఇంట్లో తీయకండి. పాత టేపు జిగురు కాగితం పోగుల్లోకి దిగిపోయి ఉంటుంది. పైపొర లాగితే దానితో పాటు సిరా వస్తుంది. పెట్రోలు, థిన్నరు, నెయిల్ పాలిష్ రిమూవర్ పూస్తే సిరా పాకిపోతుంది. టేపు దానంతటదే ఊడిపోయి ఉంటే ఆ ముక్కను కూడా కవర్లో వేసి ఉంచండి. జిగటగా ఉన్న చోట పక్క కాగితం అంటుకోకుండా మధ్యలో సిలికోన్ పూత ఉన్న బేకింగ్ కాగితం పెట్టండి. మిగతాది పత్ర సంరక్షణ చేసేవారి పని.

చింపేసిన కాగితాలు ముక్కలుగా ఉన్నాయి. అతికించాలా?

వద్దు. ముక్కలన్నిటినీ ఒక తెల్లటి కాగితం మీద వాటి చోట్లలో పరిచి ఫోటో తీసి, ఆ వరసలోనే ఫోల్డరులో ఉంచండి. సంక్షోభ సమయంలో చింపడం కూడా ఒక చర్యే కావచ్చు. 1971 డిసెంబరు 15న భద్రతా మండలిలో పాకిస్థాన్ నాయకుడు జుల్ఫికర్ అలీ భుట్టో చేతిలోని కాగితాలు చింపి బయటికి నడిచారు. ఆ దృశ్యాన్ని ప్రపంచమంతా గుర్తుపెట్టుకుంది. చిరిగిన అంచు చూస్తే కావాలని చింపారా, పాతబడి విడిపోయిందా తెలుస్తుంది. మడత దగ్గర నేరుగా విడిపోతే పాతబడటం, వాలుగా పోగులు తేలుతూ చిరిగితే చేత్తో చింపడం. అతికిస్తే ఈ తేడా కనబడకుండా పోతుంది.

మడతలు పోవడానికి ఇస్త్రీ చేయొచ్చా?

చేయకూడదు. వేడికి కాగితం పెళుసెక్కుతుంది, కొన్ని సిరాల రంగు మారుతుంది. మడత విప్పి, రెండు తెల్లటి అద్దుడు కాగితాల మధ్య పెట్టి, పైన గాజు పలక, దాని మీద రెండు కిలోల బరువు ఉంచి వారం వదిలేయండి. విశాఖ గాలిలో ఉన్న తేమకే చాలా కాగితాలు మెత్తబడి సర్దుకుంటాయి. నీళ్ళు చిలకరించడం, ఆవిరి పట్టడం వద్దు. మడత విప్పుతుంటే పటపటమంటే అక్కడితో ఆపేయండి.

లామినేషన్ చేయిస్తే శాశ్వతంగా ఉంటుంది కదా?

ఎక్కువ నష్టం జరుగుతున్నది ఇక్కడే. దుకాణంలో చేసే లామినేషన్‌లో వంద డిగ్రీలకు పైగా వేడితో జిగురు కరిగి కాగితంలోకి ఇంకుతుంది. మళ్ళీ విడదీయడం దాదాపు అసాధ్యం. లోపలి ఆమ్లం బయటికి పోయే దారి లేక కాగితం లోపలే గోధుమరంగుకు తిరుగుతుంది. పెన్ను ఒత్తిడికి పడిన గాడి చదునైపోతుంది. అసలుదో నకలో తేల్చడానికి అక్కరకొచ్చే ముఖ్యమైన ఆధారాల్లో ఆ గాడి ఒకటి. ఇప్పటికే చేయించి ఉంటే కత్తిరించి తీసే ప్రయత్నం చేయకుండా, ఎండ తగలని చోట అలాగే ఉంచండి.

## విశాఖ గాలిలో దాచడం

మా ఇల్లు బీచ్ రోడ్డుకు దగ్గర. ఇంట్లో ఎక్కడ పెట్టాలి?

ఏడాదిలో ఎక్కువ రోజులు మన గాలిలో తేమ 70 శాతం చుట్టూనో ఆపైనో ఉంటుంది. కాగితానికి 45 నుంచి 55 మధ్య ఉంటే హాయి, 65 దాటి కొన్ని రోజులు నిలిస్తే బూజు మొదలవుతుంది. ఉప్పుగాలి కాగితం కంటే ముందు పిన్నులను, క్లిప్పులను, ఇనుప పెట్టెలను తింటుంది. అందుకే ఇంటి లోపలి గోడకు ఆనుకున్న చెక్క అలమర, నేలనుంచి రెండడుగుల ఎత్తున ఉన్న అర మంచి చోటు. పడమటి గోడ, బాత్రూము గోడ, పైకప్పు కింది అటక పనికిరావు.

ఇనుప బీరువా తప్పకపోతే కాగితం నేరుగా లోహానికి తగలకుండా అట్టపెట్టెలో పెట్టండి. రాత్రి ఏసీ వేసి పగలు ఆపే గదిలో పెట్టకండి. చల్లబడిన బీరువా మీద పగటి తేమ చెమటలా పడుతుంది. మా అనుభవంలో రోజంతా ఒకే తీరున ఉండే మామూలు గది, ఇలా మారుతుండే ఏసీ గది కంటే నయం.

సిలికా జెల్ ఎంత వేయాలి, ఎన్నాళ్ళకు మార్చాలి?

మూత గట్టిగా బిగిసే 20 లీటర్ల పాలీప్రొపిలీన్ డబ్బాకు పావు కిలో జెల్ గుడ్డ సంచిలో కట్టి, కాగితాలకు తగలకుండా ఒక మూలన పెట్టండి. లోపల చిన్న డిజిటల్ తేమ మీటరు ఉంచండి. అంకె 60 దాటితే జెల్ మార్చాలి, 40 కిందికి పోతే సగం తీసేయాలి. మరీ ఎండితే కాగితం పెళుసవుతుంది. నారింజ రంగు జెల్ తేమ పీల్చాక రంగు మారుతుంది. దాన్ని ఓవెన్‌లో 110, 120 డిగ్రీల మధ్య రెండు గంటలు వేడిచేసి చల్లార్చి మళ్ళీ వాడుకోవచ్చు. నీలం రంగు జెల్‌లో కోబాల్టు ఉంటుంది, పిల్లలున్న ఇంట్లో వద్దు.

ఒక జాగ్రత్త: కాగితాలు చెమ్మగా ఉన్నప్పుడు మూత బిగిస్తే లోపలే బూజు పడుతుంది. ముందు గదిలో రెండు మూడు రోజులు ఆరనివ్వండి.

నల్లచుక్కలు, బూజు కనబడుతున్నాయి. ఎండలో పెడితే పోతుందా?

ఎండ బూజును కొంత చంపుతుందేమో గానీ నీలి సిరాను కచ్చితంగా చంపుతుంది. ముందు ఆ కాగితాలను విడిగా కాగితపు కవర్లో పెట్టి మిగతావాటికి దూరం చేయండి. పొడిగా ఉన్న గదిలో నాలుగైదు రోజులు ఆరాక, ముట్టుకుంటే అంటుకోకుండా పొడిలా రాలుతుంటేనే తుడవడం మొదలుపెట్టండి. ఆరుబయట, నీడలో, మాస్కుతో, మెత్తటి వెడల్పాటి పెయింటింగ్ బ్రష్‌తో మధ్యనుంచి అంచులకు, మీకు ఎదురుదిక్కుగా తుడవాలి. తడిగా ఉన్న బూజును తుడిస్తే పులుముకుపోతుంది. దీనికి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పొడి రోజులు అనువైనవి. మరక మిగిలితే వదిలేయండి, బ్లీచింగ్ జోలికి పోవద్దు.

నాఫ్తలీన్ ఉండలు, వేపాకు, వస వేయొచ్చా?

నాఫ్తలీన్ కాగితానికి తగిలితే మరక పడుతుంది, దాని ఆవిరి మనుషులకూ మంచిది కాదు. పచ్చి వేపాకు తేమను తెస్తుంది. తాటాకు గ్రంథాలకు పూసే నిమ్మగడ్డి నూనె కాగితానికి పనికిరాదు, నూనె మరకలు పడతాయి. బాగా ఎండిన వేపాకు, వస కొమ్ము గుడ్డ మూటలో కట్టి డబ్బా బయట అరలో పెడితే నష్టమేమీ లేదు. కానీ పురుగును ఆపేది శుభ్రతే. సిల్వర్‌ఫిష్ జిగురును, చెమ్మను వెతుక్కుంటూ వస్తుంది. చెదలు గోడ పగులు నుంచి వస్తాయి. నెలకొకసారి అర ఖాళీ చేసి, మూలలు టార్చితో చూసి, పొడి గుడ్డతో తుడవండి.

తుఫానులో తడిసిపోతే?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊరికి రోజుల తరబడి కరెంటు లేదు. ఆ పరిస్థితిని ముందే లెక్కలో పెట్టుకోవాలి. తడిసిన కాగితానికి 48 గంటల్లో బూజు పట్టవచ్చు. పది పదిహేను కాగితాలైతే నీడలో, తెల్ల నూలుగుడ్డ మీద విడివిడిగా పరచండి. ఫ్యాన్ గాలి గోడకు తగిలి తిరిగొచ్చేలా పెట్టండి, నేరుగా కాగితం మీద పడనివ్వకండి. కట్ట మందంగా ఉండి విడదీయలేకపోతే ప్రయత్నించకండి. మూడు నాలుగు కాగితాలకొకటి చొప్పున బటర్ పేపర్ పెట్టగలిగితే పెట్టి, పాలిథిన్ సంచిలో చుట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజరులో ఉంచండి. గడ్డకట్టినంత కాలం సిరా కదలదు, బూజు పెరగదు. వాటిని ఎవరికి చూపించాలో నిదానంగా ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. ఇంట్లో కరెంటు లేకపోతే జనరేటరున్న ఐస్‌క్రీమ్ దుకాణమో, చేపల కోల్డ్ స్టోరేజో అయినా సరే. హెయిర్ డ్రయ్యరు, ఇస్త్రీ పెట్టె, ఎండ మూడూ వద్దు.

ప్లాస్టిక్ కవర్లలో ఒక్కో కాగితం పెట్టొచ్చా?

పెట్టొచ్చు, కానీ ఏ ప్లాస్టిక్ అన్నది ముఖ్యం. కొత్త బ్యాగు వాసన వచ్చే మెత్తటి పీవీసీ కవరు సిరాను పీల్చుకుంటుంది. వాసన లేని, గాజులా మెరిసే పాలియెస్టర్ కవరు మంచిది. పెన్సిల్‌తో రాసినవాటిని మాత్రం అందులో పెట్టకండి. పాలియెస్టర్‌కు పుట్టే స్థిర విద్యుత్తు పెన్సిల్ పొడిని ఎత్తేస్తుంది. వాటికి ఆమ్లం లేని కాగితపు ఫోల్డరు వాడండి. దొరకనప్పుడు పీహెచ్ పెన్నుతో గీసి చూసి ఆమ్లం లేదని తేలిన తెల్ల కాగితం నాలుగు మడతలు పెట్టినా సరిపోతుంది. న్యూస్‌ప్రింటు, గోధుమరంగు అట్ట ఫైళ్ళు పనికిరావు.

సిరా వెనక్కి దిగి, అక్షరాల చోట కాగితం తూట్లు పడుతోంది. ఎందుకు?

అది ఇనుము కలిసిన పాత నల్ల సిరా కావచ్చు. రాసినప్పుడు నల్లగా ఉండి, ఏళ్ళు గడిచాక గోధుమరంగుకు తిరుగుతుంది. అందులోని ఆమ్లం, ఇనుము కలిసి కాగితాన్ని తింటాయి. తేమ పెరిగితే వేగం పెరుగుతుంది. ఇలాంటి కాగితానికి నీళ్ళ చుక్క కూడా తగలకూడదు. వంచకుండా, కింద గట్టి అట్ట పెట్టి ఎత్తండి. ముందుగా స్కాన్ చేయాల్సినవి ఇవే.

## చదవడం, తేదీ కట్టడం

గొలుసుకట్టు రాత. సగం మాటలు అర్థం కావడం లేదు. ఎలా మొదలుపెట్టాలి?

తేలిగ్గా తెలిసే మాటలతో మొదలుపెట్టండి: దేశాల పేర్లు, నగరాలు, తేదీలు, అంకెలు. వాటిలోంచి ఆ చేతి అక్షరాలను ఒక పట్టికగా రాసుకోండి. తెలుగైతే వత్తులు, దీర్ఘాలు ఎలా వేస్తారో చూడండి. ఇంగ్లీషైతే పెద్దక్షరాలు, అడ్డగీతలు చూడండి. నకలు రాసేటప్పుడు మూలంలో ఉన్న పంక్తిని అక్కడే ఆపండి. కొట్టేసిన మాటను వదలకుండా, దాని మీద గీత గీసి అలాగే రాయండి. హంసపాదు పెట్టి పైన చేర్చిన మాటను వేరే గుర్తుతో చూపండి. ఊహించి చదివినదాని పక్కన ప్రశ్నార్థకం వేయండి. స్పెల్లింగు తప్పులు దిద్దకండి. ఇద్దరు విడివిడిగా చదివి తర్వాత పోల్చుకుంటే సగం అనుమానాలు తీరతాయి.

పంక్తుల మధ్య నిలువు గీతలు, మార్జిన్‌లో అంకెలు, రెండేసి అడ్డగీతలు ఉన్నాయి. ఇవేమిటి?

చాలావరకు నోటితో చెప్పడానికి పెట్టుకున్న గుర్తులు. చిన్న నిలువు గీత ఊపిరి తీసుకునే చోటు. రెండు అడ్డగీతలు ఒత్తి పలకాల్సిన మాట. మార్జిన్ అంకె కొత్త వరస కావచ్చు, నిమిషాలు కావచ్చు. పది, పదిహేను, ఇరవై అని పెరుగుతుంటే సమయమే అనుకోవచ్చు. వాక్యాన్ని నాలుగైదు చిన్న పంక్తులుగా విరిచి మెట్లలా రాసుకోవడం కూడా చదవడానికి వీలుగానే. చర్చిల్ ప్రసంగ కాగితాలు ఇలాగే విరిగిన పంక్తులతో టైపు చేసి ఉండేవి. ఈ గుర్తులున్న కాగితం వేదిక మీదికి వెళ్ళిందనడానికి బలమైన సూచన.

ఏ భాషో తెలియని మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి. పిచ్చి రాతలా?

అలా అనుకుని పారేయకండి. తెలియని భాషలో ఒక వాక్యం పలకాల్సి వచ్చినప్పుడు నాయకులు దాన్ని తమ చెవికి వినబడినట్టు రాసుకుంటారు. 1963 జూన్ 26న పశ్చిమ బెర్లిన్‌లో మాట్లాడే ముందు కెన్నెడీ జర్మన్, లాటిన్ వాక్యాలను తన ఉచ్చారణకు తగ్గట్టు ఒక చీటీ మీద రాసుకున్నారు. చూస్తే ఏ భాషా కాదు, పైకి చదివితే తెలుస్తుంది. మన నాయకుల కాగితాల్లో తెలుగు లిపిలో హిందీ వాక్యం కనిపిస్తే అదీ ఇదే పద్ధతి. కాబట్టి అర్థం కాని మాటను పైకి గట్టిగా చదవండి.

తేదీ లేదు. ఏ సంక్షోభం నాటిదో ఎలా తెలుస్తుంది?

ముందు కాగితం, తర్వాత విషయం చూడండి. లెటర్‌హెడ్ చిరునామాలో ఆరంకెల పిన్‌కోడు ఉంటే అది 1972 ఆగస్టు 15 తర్వాతి ముద్రణ. రాష్ట్రం పేరు ‘ఆంధ్ర’ అని మాత్రమే ఉంటే 1953 అక్టోబరు 1కీ 1956 నవంబరు 1కీ మధ్య ముద్రించి ఉండవచ్చు. పాత లెటర్‌హెడ్లు మిగిలిపోయి తర్వాత కూడా వాడతారు కనుక, ముద్రణ తేదీ రాసిన తేదీకి కింది హద్దు మాత్రమే. బాల్‌పెన్ను 1945 తర్వాతే బజారులో విస్తరించింది. కాబట్టి 1938 మ్యూనిక్ చర్చల మీద ‘అప్పుడే’ రాసినట్టు చెప్పే నోట్సు బాల్‌పెన్నుతో ఉంటే నమ్మకండి.

విషయంలో ఏది ఉందో, ఏది లేదో రెండూ చూడాలి. ఈజిప్టు సూయెజ్ కాలువను జాతీయం చేసింది 1956 జులై 26న, దాని మీద ఇజ్రాయెల్ దాడి అక్టోబరు 29న. జాతీయం చేయడాన్ని ప్రస్తావించి దాడి ఊసెత్తకపోతే ఈ రెండు తేదీల మధ్య రాసి ఉండవచ్చు. తెలుగు సంవత్సరం పేరు ఉంటే ఇంకా మంచిది: 1956 ఉగాది నుంచి దుర్ముఖి, 1962 నుంచి శుభకృతు, 1971 నుంచి విరోధికృతు. అరవయ్యేళ్ళకు అదే పేరు తిరిగొస్తుందని మరవకండి. 2022 కూడా శుభకృతే.

తేదీ ఉంది కానీ పుస్తకాల్లో చెప్పినదానికి ఒక రోజు తేడా. నకిలీయా?

తొందరపడకండి. క్యూబా క్షిపణుల సంగతి కెన్నెడీ తన ప్రజలకు చెప్పింది 1962 అక్టోబరు 22 సాయంత్రం 7 గంటలకు. అప్పుడు మన దగ్గర 23 తెల్లవారుజాము నాలుగున్నర. చైనా దాడిపై నెహ్రూ రేడియోలో మాట్లాడిందీ అదే అక్టోబరు 22న. ఆ వారం ఢిల్లీలో రాసిన కాగితం మీద 23 అని ఉండి అమెరికా ప్రసంగాన్ని ప్రస్తావిస్తే తప్పేమీ లేదు. ముందు రాత్రి రాసుకుని మర్నాడు మాట్లాడటం, పత్రికలో ఆ మర్నాడు రావడం మామూలే. మూడు తేదీలనూ విడివిడిగా నమోదు చేయండి: రాసినది, మాట్లాడినది, అచ్చయినది.

ఒకే ప్రసంగానికి మూడు చిత్తుప్రతులు ఉన్నాయి. ఏది ముందుది?

ఒకదానిలో మార్జిన్‌లో చేర్చిన మాట ఇంకొకదానిలో పంక్తిలో కలిసి ఉంటే రెండోదే తర్వాతది. ఇది అన్నిటికంటే నమ్మదగిన పరీక్ష. కొట్టేసిన మాట తర్వాతి ప్రతిలో ఉండదు. సంక్షోభ ప్రసంగాలకు ఇంకో ఆనవాలు ఉంది: వార్తలు. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్ దాడి తర్వాత అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ చిత్తుప్రతిని చెప్పి టైపు చేయించి, దాని మీద చేత్తో దిద్దారు. మరికొన్ని చోట్ల దాడులు జరిగినట్టు కబురు వచ్చిన కొద్దీ ఆ పేర్లు ప్రసంగంలో చేరుతూ వచ్చాయి. మీ ప్రతుల్లో కూడా కొత్త వార్త ఎక్కడ చేరిందో చూసి, ఆ వార్త ఎప్పుడు తెలిసిందో పాత పత్రికలో వెతకండి. ఒక్కోసారి గంటల తేడాతో వరస తేలుతుంది. సాఫుగా, కొట్టివేతలు లేకుండా ఉన్నదే చివరిదని మాత్రం అనుకోకండి. ముందు సాఫుగా రాయించి తర్వాత దిద్దుకునేవారు చాలామంది.

నోట్సు ఆరు పేజీలే. అధికారిక రికార్డులో ప్రసంగం చాలా పొడుగు. అసలు అదేనా?

అయ్యుండవచ్చు. 1957 జనవరి 23, 24 తేదీల్లో కశ్మీర్‌పై భద్రతా మండలిలో భారత ప్రతినిధి వి.కె. కృష్ణ మేనన్ దాదాపు ఎనిమిది గంటలు మాట్లాడారు. అలాంటి ప్రసంగానికి నోట్సు అంటే మెట్టు మెట్టుగా వాదన, తేదీలు, చదివి వినిపించాల్సిన పత్రాల జాబితా మాత్రమే. ఐక్యరాజ్యసమితి మాట మాటగా రాసిన రికార్డులు దాని డిజిటల్ లైబ్రరీలో ఉచితంగా దొరుకుతాయి. లోక్‌సభ చర్చలు పార్లమెంటు డిజిటల్ లైబ్రరీలో ఉన్నాయి. పోల్చేటప్పుడు రికార్డే చివరి మాట అనుకోవద్దు. లోక్‌సభలో సభ్యులకు పాఠం పంపి చిన్న దిద్దుబాట్లకు అవకాశమిస్తారు. ఆడియో దొరికితే అదే నికరం. నోట్సులో ఉండి రికార్డులో లేని వాక్యాలను ప్రత్యేకంగా రాసిపెట్టండి, పరిశోధకుడు మొదట అడిగేది వాటినే.

## నిజమైనదేనా

రాసింది నాయకుడేనా, పీఏనా?

ఈ ప్రశ్న కుటుంబాలకు కష్టంగా ఉంటుంది కానీ అడగాలి. నాయకుడు చెబుతుంటే పీఏ రాసిన ప్రతి, పీఏ సాఫు చేసిన ప్రతి, నాయకుడు స్వయంగా దిద్దిన ప్రతి అన్నీ ఇంట్లో కలిసే ఉంటాయి. రెండు చేతులు, రెండు సిరాలు ఉన్నాయేమో చూడండి. పంక్తి ఒకరిది, పైన దిద్దుబాటు ఇంకొకరిది అయితే ఆ కాగితం విలువ తగ్గదు, ఎవరి సలహా ఎక్కడ చేరిందో చెబుతుంది. పోలికకు అదే దశాబ్దంలోని, అదే భాషలోని, తొందరలో రాసిన నమూనాలు కావాలి. పుస్తకం మీద చేసిన సంతకంతో పోల్చి లాభం లేదు. కారులో, విమానంలో రాసిన రాత వణుకుతుంది. పంక్తులు పైకో కిందికో వాలతాయి.

పాత జిరాక్స్ కాదని ఎలా తెలుసుకోవాలి?

పదింతలు పెద్దగా చూపే లెన్సు కింద జిరాక్స్ అక్షరం పొడి రేణువులు అంటుకున్నట్టు కాగితం పైనే ఉంటుంది. సిరా కాగితం పోగుల వెంట లోపలికి పాకి ఉంటుంది. గదిలో లైటు ఆపి, టార్చిని కాగితానికి పక్కగా, దాదాపు సమాంతరంగా పట్టండి. బాల్‌పెన్ను గాడి, వెనకవైపు ఉబ్బు కనబడతాయి. పాళీ పెన్ను (రాజమండ్రి రత్నం కలమైనా సరే) ఒత్తిన చోట గీత వెడల్పవుతుంది, మలుపుల్లో సిరా చిక్కబడుతుంది. 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి కింద కాగితం నీలితెలుపుగా మెరిస్తే అందులో తెలుపు పెంచే రసాయనం ఉన్నట్టు. అది సుమారు 1950 తర్వాతి కాగితాల్లోనే వస్తుంది. సర్ఫుతో ఉతికిన గుడ్డ తగిలినా మెరుస్తుంది కనుక రెండు మూడు చోట్ల చూడండి. సిరా మీద నీళ్ళ చుక్క వేసి పరీక్షించడం ఎవరు చెప్పినా చేయకండి.

మా దగ్గరికి ఎలా వచ్చిందో రాసిపెట్టాలా?

తప్పక రాయాలి, ఇంటి పెద్దవారు బతికుండగానే. ఎవరు, ఏ ఉద్యోగంలో, ఏ ఏళ్ళలో, ఎవరి దగ్గర పనిచేశారు, కాగితం వారికి ఎలా అందింది, తర్వాత ఎవరింట ఉంది అన్నవి ఒక పేజీలో రాసి సంతకం, తేదీ పెట్టించండి. నియామక పత్రం, పాత ఫోటో, పింఛను కాగితం నకళ్ళు జత చేయండి. విన్నది విన్నట్టు, చూసింది చూసినట్టు విడివిడిగా రాయండి. 1941 ప్రసంగంలో రూజ్‌వెల్ట్ చదివిన అసలు ప్రతి ఆయన తిరిగి తీసుకెళ్ళకపోవడంతో కనబడకుండా పోయి, 1984లో సెనేట్ కాగితాల మధ్య దొరికింది. ఎక్కడినుంచి వచ్చిందో తెలిసినందువల్లే దాని మీద సందేహం రాలేదు.

## స్కానింగ్

ఫోన్ స్కానర్ యాప్ చాలదా?

చదువుకోవడానికి చాలు, దాచుకోవడానికి చాలదు. యాప్ అంచులు కత్తిరిస్తుంది, వెనక తెలుపు చేస్తుంది, పెన్సిల్ గీతలను మరకలనుకుని చెరిపేస్తుంది. ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద 400 డీపీఐ, పెన్సిల్ రాతకు 600, 24 బిట్ రంగుల్లో, టిఫ్ ఫార్మాట్‌లో తీయండి. ఏ4 కాగితం 400లో సుమారు 46 ఎంబీ, 600లో 104 ఎంబీ వస్తుంది. పాత ఫుల్‌స్కేపు కాగితం ఏ4 గాజు మీద పట్టదు. మడవకుండా రెండు భాగాలుగా, మధ్యలో రెండంగుళాలు కలిసేలా తీయండి. ఖాళీగా కనిపించే వెనకవైపు కూడా తీయాలి. పక్కన చిన్న స్కేలు పెట్టండి. ఆటో కలర్, షార్పెన్ ఆపేయండి. కాగితాలను తనంతట లాగే ఫీడరులో పాత కాగితం పెట్టకూడదు, ఒక్క చిరుగున్నా నలిగి ఇరుక్కుంటుంది.

ఎన్ని కాపీలు, ఎక్కడ?

మూడు: ఒకటి కంప్యూటర్లో, ఒకటి విడి హార్డ్‌డిస్కులో, ఒకటి ఊరి బయట. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్న పిల్లల దగ్గరైనా, క్లౌడ్‌లో అయినా సరే. ఒకే తుఫాను మూడింటినీ పట్టుకోకూడదు. ఫైలు పేరులో కాగితం వెనక వేసిన నంబరే ఉండాలి, ముందుకు, వెనకకు వేరు గుర్తుతో. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే బొమ్మ నాణ్యత పడిపోతుంది, డాక్యుమెంటుగా పంపండి.

## చట్టం, అప్పగింత

కాగితం మీద ‘రహస్యం’ అని ముద్ర, ఫైలు నంబరు ఉన్నాయి. ఏం చేయాలి?

ఫేస్‌బుక్‌లో పెట్టకండి, ఎవరికీ నకళ్ళు ఇవ్వకండి. పార్టీ సభలోనో ప్రజల మధ్యనో మాట్లాడటానికి సొంతంగా రాసుకున్నవి సాధారణంగా ప్రైవేటు కాగితాలే. కేంద్ర ప్రభుత్వ ఫైలులో భాగమైనవి 1993 పబ్లిక్ రికార్డుల చట్టం కిందికి వస్తాయి. అలాంటివి అనుమతి లేకుండా దేశం దాటించినా, నాశనం చేసినా ఐదేళ్ళ దాకా జైలు, పదివేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 1923 అధికార రహస్యాల చట్టం వేరే ఉంది. ముద్ర ఉన్న కాగితాల పేజీల సంఖ్య, ఫైలు నంబరు మాత్రం రాసి (విషయం రాయకుండా) ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారానికి (నేషనల్ ఆర్కైవ్స్) ఉత్తరం పెట్టి సలహా అడగండి. వకీలును కూడా ఒకసారి కలవండి. భయపడి తగలబెట్టడం అన్నిటికంటే చెడ్డ పని.

అమ్ముకోవచ్చా? విదేశాల్లో ఎక్కువ ధర వస్తుందంటున్నారు.

మీ సొంత ప్రైవేటు కాగితమైతే దేశంలో అమ్ముకోవచ్చు. కానీ 1972 పురావస్తువుల చట్టం ప్రకారం చారిత్రక విలువ ఉన్న చేతిరాత ప్రతికి 75 ఏళ్ళు నిండితే అది పురావస్తువే. 1950లో రాసిన కాగితానికి 2025తో ఆ వయసు వచ్చింది. దాన్ని వ్యక్తులు దేశం దాటించకూడదు, సూట్‌కేసులో పెట్టుకెళ్ళినా కొరియర్‌లో పంపినా నేరమే. పురావస్తువులు అమ్మడం వ్యాపారంగా చేసేవారికి లైసెన్సు ఉండాలి. కొనేవారిని అది చూపమనండి. మా మాటగా చెప్పేది ఒకటే: కట్టను విడగొట్టి కొట్టివేతలున్న ‘అందమైన’ పేజీలు మాత్రం అమ్మకండి. అమ్మినా, ఇచ్చినా మొత్తం ఒకచోటికే వెళ్ళాలి.

కాగితం మాదే కాబట్టి పుస్తకంగా వేసుకోవచ్చు కదా?

కాగితం మీదైనంత మాత్రాన రాసిన మాటల హక్కు మీది కాదు. ప్రజల ముందు చేసిన ప్రసంగానికి సాధారణంగా మాట్లాడినవారే మొదటి హక్కుదారు, తర్వాత వారి వారసులు. ప్రభుత్వ పనిగా తయారైనదైతే ప్రభుత్వానిది. బతికుండగా అచ్చయిన రచనకు మరణించిన ఏడాది ముగిశాక 60 ఏళ్ళు రక్షణ. నెహ్రూ 1964లో పోయారు కాబట్టి ఆయన అలాంటి రచనలకు 2024తో గడువు తీరింది. కృష్ణ మేనన్ 1974లో పోయారు, ఆయనవి 2034 దాకా ఉంటాయి. చిక్కు ఎక్కడంటే, రచయిత మరణం తర్వాత మొదటిసారి అచ్చయ్యే కాగితానికి 60 ఏళ్ళు అచ్చయిన నాటినుంచి లెక్క. ఇంట్లో పడి ఉన్న నోట్సు చాలావరకు ఈ కోవలోదే. వారసుల దగ్గర రాతపూర్వక అనుమతి తీసుకోండి. వీలునామా ద్వారా మీకు అచ్చుకాని రాతప్రతి వచ్చి ఉంటే, అందులో వేరేగా చెప్పనంత వరకు, రచయిత చనిపోయేనాటికి ఆయనకున్న కాపీరైటు కూడా మీకు వచ్చినట్టే.

ఎవరికి ఇస్తే భద్రం? ఇచ్చేటప్పుడు ఏం రాయించుకోవాలి?

జాతీయ స్థాయి నాయకుడివైతే జాతీయ అభిలేఖాగారం, తీన్‌మూర్తి భవన్‌లోని ప్రధానమంత్రుల మ్యూజియం లైబ్రరీ ప్రైవేటు కాగితాలు తీసుకుంటాయి. మన ప్రాంత నాయకుడివైతే రాష్ట్ర అభిలేఖాగారాన్ని, ఆంధ్ర విశ్వవిద్యాలయం గ్రంథాలయాన్ని కూడా అడగండి. ముందు వెళ్ళి దాచే గది చూడండి. కాగితాల పెట్టెలు ఎలా ఉన్నాయో, తేమ మీటరు ఉందో లేదో కళ్ళారా చూసి నిర్ణయించుకోండి.

దాన పత్రంలో ఇవి ఉండాలి: పేజీల వారీ జాబితా, యాజమాన్యం పూర్తిగా ఇస్తున్నారా లేక అప్పుగానా, కాపీరైటు సంగతి, ఎవరైనా చూడటానికి గడువు పెట్టారా, స్కాన్ ప్రతి మీకు ఎప్పుడు ఇస్తారు, కట్టను విడదీయకూడదన్న షరతు, వాళ్ళకు అక్కర్లేకపోతే తిరిగి ఇవ్వాలన్న మాట. అప్పగించిన రోజే సంతకం, ముద్రతో రసీదు తీసుకోండి.

మా దగ్గర సగమే ఉంది. మిగతా సగం ప్రభుత్వ ఫైలులో ఉందనుకుంటున్నాం. చూడొచ్చా?

ముందు జాతీయ అభిలేఖాగారం నడిపే అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో మంత్రిత్వ శాఖ పేరు, ఏడాది పెట్టి వెతకండి. అక్కడ లేకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో విదేశాంగ శాఖకు దరఖాస్తు పెట్టండి. ఇరవై ఏళ్ళు దాటిన సంఘటనల సమాచారం సాధారణంగా ఇవ్వాలి, కానీ విదేశీ సంబంధాలకు హాని కలిగించేదైతే అప్పుడు కూడా నిరాకరించవచ్చు. ‘ఫలానా సంక్షోభం కాగితాలన్నీ’ అని అడిగితే రావు. ప్రసంగం తేదీ, వేదిక, మీ కాగితం మీద ఫైలు నంబరు ఉంటే అదీ రాసి, ఒక్క ప్రసంగం చిత్తుప్రతులనే అడగండి. నిరాకరిస్తే 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయవచ్చు.